నాలుగు నిమిషాల వేడినీళ్ళు

చలికాలం, ఉదయం పది దాటింది. స్నానాలగది తలుపు మూసి ఉంది. లోపల ఆ ఇంటి కోడలు, బయట బాయిలర్ ముందు మెకానిక్.

"పోయింది! మెకానిక్ గారూ, మళ్ళీ పోయింది! మంచులాంటి నీళ్ళు!"

"చూశానమ్మా. నా కళ్ళముందే మంట ఆరిపోయింది."

"మీరేం ముట్టుకోలేదు కదా?"

"చేతులు కట్టుకుని నించున్నాను. షవర్ కట్టేసి బయటికి రండి."

"ఉండండి, గడియ రావట్లేదు. వేళ్ళు కొంకర్లు పోయాయి. ఒంటి మీద బట్టలుండగానే ఇలా ఉంటే, రోజూ సబ్బు రాసుకుని ఉన్నప్పుడు నా గతేంటో ఆలోచించండి. ఆఁ, వచ్చింది. ఎన్ని నిమిషాలు?"

"నాలుగు."

"చెప్పానా! నిన్నా నాలుగే. మొన్నా నాలుగే."

"నాలుగంటే అటూ ఇటూగానా?"

"అటూ లేదు, ఇటూ లేదు. ఓ రోజు ఫోన్లో పాట పెట్టుకుని స్నానం చేశాను. మర్నాడూ అదే పాట పెట్టాను. అదే చరణం, అదే మాట, అక్కడే చన్నీళ్ళు. నాకెంతో ఇష్టమైన పాటండీ. ఇప్పుడు పక్కింట్లో వినిపించినా ఒళ్ళు జలదరిస్తుంది."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"యంత్రానికి ఇంత క్రమశిక్షణ ఉండదమ్మా. చెడిపోయిన బాయిలర్ ఓసారి రెండు నిమిషాలకి ఆగుతుంది, ఇంకోసారి పదికి ఆగుతుంది, ఒక్కోసారి అసలు వెలగనే వెలగదు. ఇలా గంట కొట్టినట్టు ఆగదు."

"మీకన్నా ముందు ముగ్గురొచ్చారు. ఒకాయన బ్యాటరీ మార్చాడు. ఒకాయన నీళ్ళ జల్లెడ కడిగాడు. మూడో ఆయన లోపలున్న బోర్డే మార్చేశాడు. ముగ్గురూ వంటింటి కుళాయి తిప్పి, 'చూడండమ్మా, అరగంట నుంచి పొగలు కక్కుతున్నాయి' అని నాకే చూపించి వెళ్ళిపోయారు."

"వంటింట్లో ఆగవా?"

"ఆగవు. స్నానాలగదిలో కూడా ఆగవు, తలుపు తీసి ఉంటే. మనిషి లోపలికెళ్ళి గడియ పెట్టాలి. అప్పుడు మొదలు."

"మీ ఒక్కరికేనా? మీ ఆయనకి?"

"ఆయనది రెండు నిమిషాల స్నానం. నెత్తి తడిసిందో లేదో చూసుకోకుండానే తువ్వాలుతో బయటుంటాడు. మావయ్య బకెట్లో నింపుకుని పోసుకుంటారు. ఇక మిగిలింది నేను. ఆయనకి చెప్తే, 'నువ్వు లోపల కాపురం పెడితే ఏ బాయిలర్ ఊరుకుంటుంది' అని నవ్వాడు. మొదట్లో నేనూ నవ్వాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఆ మూల చూడండి."

"పెట్టె."

"సర్దేశాను. పన్నెండింటికి మా అన్నయ్య బండి తెస్తాడు. మీరు ఈలోపు సంగతేంటో తేల్చారా, సరే. లేదా, నేను వెళ్ళిపోతాను. మళ్ళీ రాను. నాకిప్పుడు ఐదో నెల. పుట్టిన బిడ్డకి ఆ గదిలో నీళ్ళు పోసే ధైర్యం నాకు లేదు."

"ఇంత చిన్నదానికి…"

"చిన్నదా? మీకు సగమే చెప్పాను. నీళ్ళు చల్లబడ్డాక తలుపు కింద సందులో నీడ పడుతుంది. ఎవరో నించుంటారు. కదలరు. పిలవరు. ఊపిరి వినిపిస్తుంది. నేను గడియ తీసేసరికి ఎవరూ ఉండరు."

"ఇవాళ?"

"ఇవాళ మీరున్నారుగా అక్కడ. అయినా మీకిదంతా… చెప్పాలో లేదో…"

"చెప్పండి."

"నేను ఆయనకి రెండో భార్యనండీ. అక్క పోయింది ఆ గదిలోనే."

"అక్కంటే…"

"మొదటావిడ. నేనెప్పుడూ చూడలేదు, ఫోటోలో తప్ప. అక్క అనే అంటాను. మరేమంటాను? ఆవిడ గిన్నెల్లో వండుతున్నాను, ఆవిడ కొన్న కర్టెన్లు ఉతుకుతున్నాను. రెండేళ్ళయింది. ఇలాంటి చలికాలమే. అప్పటి బాయిలర్ ఆ గది లోపలే ఉండేదట. దాని పొగ బయటికి పోకుండా లోపలికి తన్నింది. దానికి వాసనుండదట కదా?"

"ఉండదు."

"నిద్రొచ్చినట్టు ఉంటుందట."

"అంటారు."

"ఎవడో మెకానిక్ అంతకు ముందు వారమే సర్వీసింగ్‌కని వచ్చాడట. పొగ వెనక్కి తన్నితే మంట ఆర్పేసే పరికరం ఏదో ఉంటుందటగా?"

"సెన్సర్. పొగ గొట్టం మొదట్లో క్లిప్పులో కూర్చుంటుంది. పొగ తిరగబడితే దానికి వేడి తగులుతుంది, గ్యాస్ ఆపేస్తుంది."

"ఆ, అదే. వాడు దాన్ని క్లిప్పులో పెట్టకుండానే మూత బిగించేసి పోయాడు. తర్వాత విప్పి చూస్తే వైరుకి వేలాడుతోందట. ఆ వారంలోనే గాలివానకి ఓ ప్లాస్టిక్ పట్టా కొట్టుకొచ్చి బయట గొట్టానికి చుట్టుకుని, రోజూ కాస్త కాస్త కరిగి అంటుకుపోయింది. పొగకి దారి లేదు. సెన్సర్ దాని చోట ఉండుంటే మంట ఆరిపోయేది, చన్నీళ్ళు పడేవి, అక్క తిట్టుకుంటూ బయటికొచ్చేది. అంతే కదండీ?"

"అంతే."

"వాడు ఇంకా ఎక్కడో స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని తిరుగుతూనే ఉంటాడు. వాడికి నిద్రెలా పడుతుందంటారు?"

"ఆ టార్చి ఇటివ్వండి."

"విన్నారా నేనన్నది?"

"విన్నానమ్మా. టార్చి."

"ఇదిగో. మీ చెయ్యి ఇంత చల్లగా ఉందేంటి? నేను కదా తడిసింది."

"ఇది ఆ బాయిలర్ కాదు కదా?"

"కాదు, అది తీసిపారేశారు. ఇది కొత్తది. అదే నా భయం. యంత్రం మారింది, గొట్టం మారింది, గోడకి రంగు కూడా మారింది. అయినా కారణం లేకుండా ఆగిపోతోంది. అక్క నాకేదో చెప్తోంది. 'నాలా అయిపోతావు, ఎక్కువసేపుండకు' అంటోందో, 'నా ఇంట్లో నువ్వుండకు' అంటోందో… ఏదో తెలిస్తే బావుణ్ణు. మొదటిదైతే దణ్ణం పెడతాను. రెండోదైతే పెట్టె తీసుకుంటాను."

"ఆ రెండూ కాదు. ఇటు రండి. ఈ తెర మీద అంకె చూడండి."

"నాకేం అర్థమవుతుంది?"

"గ్యాస్ అందలేదంటోంది. అంటే బాయిలర్ తనంతట తాను ఆగలేదు. దానికి తిండి ఆగింది. వంటింట్లో పొయ్యి వెలుగుతోందా?"

"వెలుగుతోంది. పాలు పెట్టాను… అయ్యో, పొంగిపోయాయేమో!"

"పాల సంగతి తర్వాత. పొయ్యికి గ్యాస్ ఉంది, బాయిలర్‌కి లేదు. రెండిటికీ వేరు వేరు పైపులన్నమాట. ఈ పైపు గోడలోకి పోతోంది. గోడకి అవతలేముంది?"

"గదుంది."

"ఎవరి గది?"

"ఎవరిదైతేనేం, పైపు గోడలో ఉంటుంది కానీ…"

"ఎవరి గదమ్మా?"

"మావయ్యది."

"ఆయన ఉన్నారా ఇప్పుడు?"

"ఎక్కడికి పోతారు, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి? పొద్దున మీరొచ్చి పలకరించగానే లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. కాఫీకి కూడా రాలేదు. చూడండీ, ఆయన అలాంటి… చేతులు వణుకుతాయి ఆయనకి. గడియారాలు బాగుచేసేవారు. ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోవడానికే పావుగంట పడుతుంది."

"గడియారాలా?"

"అవును, గడియారాల షాపు. ఏం?"

"తలుపు కొట్టండి."

"మావయ్యా! మావయ్యా, ఓసారి తలుపు తీయండి."

"పడుకున్నానమ్మాయ్."

"ఒక్క నిమిషం. మెకానిక్ గారు పైపు చూస్తారట."

"నా గదిలో పైపేం లేదు."

"ఉందట."

"లేదన్నానుగా."

"గోడకి అటుపక్కన మేమున్నాం మావయ్యా. పైపు మీ గదిలోకే వచ్చింది."

"రేపు చూసుకోమను. నాకు నలతగా ఉంది."

"రేపు నేనుండను."

"ఏమిటీ?"

"పన్నెండింటికి వెళ్ళిపోతున్నాను. పెట్టె సర్దేశాను. మీ అబ్బాయికి సాయంత్రం తెలుస్తుంది."

"వెళ్ళడమేంటి? వెళ్ళడమేంటమ్మా? నీకీ ఇంట్లో ఏం తక్కువైందని?"

"వేడి నీళ్ళు. తీస్తారా?"

"ఉండు… ఉండు, తీస్తున్నా."

"అమ్మా, మీరు కాస్త జరగండి. బీరువా వెనక చూడాలి."

"బరువైన బీరువా మెకానిక్ గారూ, మీ ఒక్కరివల్ల కాదు."

"కదపక్కర్లేదు. ఎప్పుడో కదిపారు, నేల మీద గీతలున్నాయి. చెయ్యి పట్టేంత సందు ఉంది. ఇదిగో వాల్వ్. పైపంతా వేలు మందం దుమ్ము. పిడి మాత్రం అద్దంలా మెరుస్తోంది."

"అంటే?"

"అంటే రోజూ ఎవరో తిప్పుతున్నారు. ఇప్పుడు కూడా మూసే ఉంది. అయ్యా, మీ చేతిలో ఏమిటది?"

"ఏం లేదు."

"మావయ్యా, చెయ్యి తెరవండి."

"పాతదమ్మా. షాపులోది. అలవాటుగా…"

"స్టాప్‌వాచ్! ఇంకా నడుస్తోంది! అయితే… నేను గడియ పెట్టిన చప్పుడు విని దీన్ని నొక్కుతారా? నొక్కి, నాలుగు నిమిషాలు లెక్కపెట్టి…"

"అమ్మాయ్, అరవకు. నీకు మంచిది కాదు."

"నాకేది మంచిదో మీరు చెప్తారా! ఆరు నెలల్నించీ దయ్యమనుకుని చస్తున్నాను! నీడ చూసి, అక్క నీడనుకుని కళ్ళు మూసుకుని నిలబడేదాన్ని! అది మీరా? తలుపు బయట నించుంది మీరా?"

"నువ్వు బయటికొస్తున్నావో లేదోనని."

"ఎందుకొస్తానో మీకు తెలీదూ, నీళ్ళు మంచులా పడితే! నేనంటే ఇష్టం లేదని ఒక్క మాట మొహాన చెప్తే పోయేది. అక్క చోటికొచ్చానని కదూ? అందుకే కదూ?"

"కాదు."

"మరెందుకు?"

"కాదన్నానుగా."

"మరెందుకని అడుగుతున్నాను!"

"ఎక్కువసేపు ఉండకూడదు ఆ గదిలో. అంతే. ఎక్కువసేపు ఉండకూడదు."

"కొత్త బాయిలర్, మావయ్యా! మెకానిక్ గారూ, చెప్పండి ఈయనకి. ఏమన్నా భయముందా దానివల్ల?"

"లేదు. వచ్చీ రాగానే గొట్టం చూశాను. సెన్సర్ మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టాను."

"విన్నారా? ఇలాంటి మనిషి ఆ రోజుల్లో ఉంటే అక్క బతికుండేది. అలాంటి వెధవ దొరికాడు ఆవిడ ఖర్మకి!"

"అమ్మాయ్, ఆపు."

"ఎందుకాపాలి? వాణ్ణి అనకూడదా?"

"ఆపమన్నానా!"

"అననివ్వండి పెద్దాయనా. తప్పేముంది? అమ్మా, ఆ వెధవని నేనే."

"ఏమిటీ?"

"ఆ మెకానిక్ని నేనే. మీ మావయ్య గారు పొద్దున నా గొంతు గుర్తుపట్టే లోపలికెళ్ళినట్టున్నారు."

"మీరు… మీరు మళ్ళీ ఈ ఇంట్లో… నా చేతి కాఫీ తాగి…"

"నన్ను పనులకి పంపే బాయిలర్ల షాపాయన చిరునామా ఇవ్వగానే తెలిసింది, ఈ ఇల్లేనని. వేరే ఎవర్నన్నా పంపించమందామనుకున్నాను. 'మనిషి లోపలుంటే బాయిలర్ ఆగిపోతుందట' అన్నాడు. కాళ్ళు ఆగలేదు. వచ్చేశాను."

"బయటికి నడవండి."

"వెళ్తాను. ఆ వాల్వ్ తెరిచి, బాయిలర్ మళ్ళీ వెలిగించి వెళ్తాను. లేకపోతే మీరు మళ్ళీ…"

"నాకేం వద్దు! మా ఆయన చూస్తే ఏం చేస్తాడో తెలుసా మిమ్మల్ని?"

"తెలుసమ్మా. చేశాడు. ఈ మెట్ల మీదే చొక్కా పట్టుకున్నాడు. కొట్టాడు. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. పెద్దాయన అక్కడే ఉన్నారు, మొదటి మెట్టు మీద."

"ఉన్నాను."

"ఆయనే విడదీశారు. 'వదిలెయ్ రా, వదిలెయ్' అని ఏడ్చారు. అంత దుఃఖంలో కూడా నా మీద జాలిపడ్డ మనిషి. ఆ రోజు నుంచీ ఈయన మొహమే కళ్ళముందు. అందుకే అంటున్నా, ఈయన్ని తిట్టకండి. కోడలు అలా పోయాక రెండో కోడలికి కాపలా కాస్తున్నారు, వాచీ పట్టుకుని. ఈయన్నిలా చేసింది నేను."

"మావయ్యని తిట్టనులెండి. మీరూ కావాలని చెయ్యలేదుగా. ఎలా మర్చిపోయారు? ఒక్క క్లిప్పు కదా? ఒక్క క్లిప్పు ఎలా మర్చిపోతారు?"

"అదే నాకు అంతుపట్టదు."

"అంటే?"

"క్లిప్పులో సెన్సర్ పడితే 'టక్' మంటుంది. ఆ చప్పుడు నాకు గుర్తుంది. ఈ ఇంట్లో, ఆ రోజు. ఆవిడ పక్కనే నించుని, 'అయిపోయిందా అన్నయ్యా' అని కూడా అడిగింది. కానీ విప్పినవాళ్ళు వేలాడుతోందని రాశారు. నా యజమాని పనిలోంచి తీసేశాడు. మా ఇంట్లోవాళ్ళు కూడా, 'తొందరలో మర్చిపోయుంటావు లే' అన్నారు. అందరూ అంటుంటే ఏమవుతుంది? ఆ చప్పుడు నేను కల్పించుకున్నదేమో అనిపించింది. ఇప్పుడు ఏ ఇంటికెళ్ళినా మూడుసార్లు పెడతాను. మూడుసార్లూ వింటాను. ఇంటికెళ్ళాక ఒక్కసారైనా విన్నానా అని అనుమానం."

"టక్ మంది."

"ఏమన్నారు మావయ్యా?"

"టక్ మంది. ఇక్కడే కూర్చుని ఉన్నాను, తలుపు తీసుంది. చిన్న చప్పుళ్ళు నాకు తెలుస్తాయి. జీవితమంతా వాటితోనే కదా. అతను బిగించాడు. నేను విన్నాను."

"పెద్దాయనా, జాలితో అనొద్దు. ఆ మాట మీద ఆశ పెట్టుకుంటాను నేను."

"జాలి కాదు నాయనా. రెండ్రోజులు నీళ్ళు బాగా వచ్చాయి. గాలివాన వచ్చిన మర్నాటి నుంచే ఆగిపోవడం."

"ఆగిపోవడమా? ఏం ఆగిపోవడం?"

"మంట. ఐదు నిమిషాలకోసారి ఆరేది."

"అంటే సెన్సర్ పనిచేసింది! దాని చోటే ఉంది! మరి ఆరకుండా ఎలా…"

"కోడలు సబ్బు నురగతో తలుపు సందులోంచి అరిచింది. 'మావయ్యా, చలికి చచ్చిపోతున్నాను, మీ చేతికి లొంగని యంత్రముందా, ఓసారి చూడండి' అని. నవ్వుతూనే అంది. మీ కంపెనీకి ఫోన్ చేద్దామంది. ఎందుకమ్మా, నేనున్నానుగా అన్నాను. అబ్బాయిది రెండు నిమిషాల స్నానం, వాడికిదేం తెలీదు."

"మావయ్యా…"

"చెప్పనీ. ఆగిపోయిన గడియారం తెస్తే నేనేం చేస్తాను? మూత విప్పుతాను. కదిలేదాన్ని ఏది ఆపుతోందో చూస్తాను. ఆపేదాన్ని పక్కకి తప్పిస్తాను. నడుస్తుంది. యాభై ఏళ్ళు అదే పని."

"అయ్యా. ఏం తప్పించారు?"

"మూడు రోజులు బ్రహ్మాండంగా వచ్చాయి నీళ్ళు. 'మీ చేతిలో ఏదో ఉంది మావయ్యా' అంది. నాలుగో రోజు తొమ్మిదీ పది నిమిషాలకి గడియ పడింది. నేనిక్కడే గోడ గడియారం విప్పుకుని కూర్చున్నాను. తొమ్మిదిన్నరకి కూడా షవర్ చప్పుడు వస్తూనే ఉంది. నీళ్ళు ఆగట్లేదు కదా అని సంతోషపడ్డాను, అమ్మాయ్. సంతోషపడ్డాను. తల కూడా ఎత్తలేదు."

"కూర్చోండి మావయ్యా. మెకానిక్ గారూ, ఆయన్ని పట్టుకోండి."

"ఏం తప్పించారు పెద్దాయనా? ఒక్క మాట చెప్పండి. రెండేళ్ళయింది."

"నీకు చెప్పాలి. కానీ ముందు వాడికి చెప్పాలి. అమ్మాయ్, అబ్బాయికి ఫోన్ కలుపు."

"ఇప్పుడా? ఆయన ఆఫీసులో…"

"కలుపు. సాయంత్రమైతే నాకీ నోరు ఉండదు. ఈ రెండేళ్ళూ ప్రతి సాయంత్రం అంతే అయింది."

"మోగుతోంది… ఎత్తారు. ఏవండీ, ఏం కంగారు లేదు, నేను బానే ఉన్నాను. మావయ్య మాట్లాడతారట. మీరు ఒక్కరే ఉన్నారా? అయితే పక్కకి వెళ్ళండి. ఊఁ. మావయ్యా, తీసుకోండి."

"ఒరే నాన్నా… నేన్రా. ఆ రోజు మెట్ల మీద నువ్వు కొట్టావే, ఆ మనిషి ఇక్కడే ఉన్నాడు. లేదు లేదు, పెట్టెయ్యకు, విను. అతను సరిగానే బిగించాడురా. నీళ్ళు ఆగకూడదని మూత విప్పి ఆ సెన్సర్ని బయటికి లాగి వదిలేసింది, అతని పేరు చెప్తుంటే నోరు మూసుకున్నది… దాన్ని చంపింది నేన్రా."